పౌరసభలూ – మన అపనమ్మకమూ

మొన్నటి మా జిల్లా సభలో ఎన్నికల సంస్కరణ మీద ఒక తీర్మానం వచ్చింది. దామాషా ప్రాతినిధ్యం కావాలని అందులో ఉంది. అది కొత్త మాట కాదు, వామపక్షాలు ఎన్నో ఏళ్ళుగా అంటున్న మాటే. నేను దానికొక చిన్న సవరణ ప్రతిపాదించాను. ఏ పద్ధతి కావాలో తేల్చే పని శాసనసభ్యులకు వదలవద్దు. వోటర్ల జాబితా నుంచి చీట్లు తీసి ఎంచుకున్న సామాన్యుల సభకు, అంటే పౌరసభకు, అప్పగించాలి. ఆ సభ చెప్పినదాన్ని ప్రజల వోటుకు పెట్టాలి. ఇదీ సవరణ. వీగిపోయింది. చేతులెత్తినవాళ్ళం తొమ్మిదిమందిమి. వీగిపోయినందుకు నాకు బాధ లేదు. సవరణల జాతకంలో రాసి ఉన్నదే అది. వీగిపోయిన తీరు మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు.

అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయన నాకు గురుతుల్యులు, ఉద్యమంలో జైలుకెళ్ళి వచ్చినవారు. ఆయన చిరునవ్వు నవ్వి, “ఏమయ్యా మాష్టారూ, రేపు విప్లవాన్ని కూడా లాటరీ వేసి తెస్తావా?” అన్నారు. సభ ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఒక యువ మిత్రుడు లేచి, పౌరసభలనేవి బూర్జువా ప్రజాస్వామ్యానికి కాళ్ళు తడబడుతున్నప్పుడు పట్టుకునే ఊతకర్రలన్నాడు. ఇంకొకరు, అర్థశాస్త్రం బోధించే అధ్యాపకులు, “దామాషా అంటే ఏమిటో ఎమ్మే చదివినవాడికే సరిగ్గా తెలియదు. చీటీలో పేరొచ్చిన ఆటోవాడికేం తెలుస్తుందండీ?” అన్నారు. ఈయన మాటకు ఎవరూ నవ్వలేదు. తలలూపారు. ఈ వ్యాసం ఆ తలలూపిన మిత్రుల కోసం రాస్తున్నాను.

ముందుగా, ఎన్నికల పద్ధతి అనేది మనకు సంబంధించని సాంకేతిక వ్యవహారమని అనుకునేవాళ్ళకు ఒక లెక్క గుర్తుచేయాలి. 1955లో ఆంధ్రరాష్ట్ర శాసనసభకు జరిగిన ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీకి నూటికి 31 వోట్లు వచ్చాయి. 196 స్థానాల్లో దక్కినవి 15. మా తాతయ్య ఆ ఎన్నికల్లో సైకిలు మీద ఊరూరా తిరిగిన కార్యకర్త. చివరిదాకా ఆ లెక్కను మరిచిపోలేదు. “జనం మనల్ని వదల్లేదురా, కూడిక తీసివేతలే వదిలేశాయి” అనేవాడు. ఆ ఓటమికి కారణాలు మనవాళ్ళు చాలా వెతికారు. స్వయంవిమర్శ చేసుకున్నారు, పత్రికల ప్రచారాన్ని తిట్టారు, ఎదుటివాళ్ళంతా ఒక్కటయ్యారన్నారు. అవన్నీ నిజమే. అయితే వోట్లను స్థానాలుగా మార్చే యంత్రమొకటి మధ్యన ఉన్నదనీ, ఆ యంత్రాన్ని బిగించినవాళ్ళు ఎవరో ఉన్నారనీ అన్నవాళ్ళు తక్కువ. అదే నూటికి 31 వోట్లతో 2014లో భారతీయ జనతా పార్టీ లోక్‌సభలో 543 స్థానాలకు 282 గెలిచి సొంత బలం మీద మెజారిటీ సంపాదించింది. ఆ ఎన్నికల్లోనే దేశం మొత్తం మీద నూటికి నాలుగు పైచిలుకు వోట్లు వచ్చిన బహుజన సమాజ్ పార్టీకి ఒక్క స్థానమూ రాలేదు. ఈ రెండు ఎన్నికల పరిస్థితులూ వేరని నాకు తెలుసు. ఒకే సంఖ్యకు ఒకచోట ఘోరపరాజయం, ఒకచోట సింహాసనం దక్కే యంత్రం గురించి మాట్లాడుతున్నాను, పరిస్థితుల గురించి కాదు.

ఇంకా దగ్గరిది చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెలుగుదేశానికి నూటికి 39 వోట్లు, 175లో 23 స్థానాలు. 2024లో వై.యస్.ఆర్. కాంగ్రెసుకు అదే నూటికి 39, స్థానాలు 11. ఈ రెండు పార్టీల మీదా నాకు జాలి లేదు. గెలిచిననాడు ఈ పద్ధతిని మార్చుదామని అవి అనలేదు, ఓడిననాడూ అనలేదు. ఎందుకంటే రెండూ వచ్చేసారి ఇదే యంత్రం తమకు అనుకూలంగా తిరుగుతుందనే ఆశతో బతుకుతున్నాయి. ఇక దామాషా కావాలని మనం ఎవరికి విన్నవిస్తున్నాం? ఈ యంత్రం మింగించినదాన్ని మింగి కూర్చున్నవాళ్ళకు. దొంగలించిన ఎద్దును తిరిగి ఇమ్మని దొంగనే పంచాయితీకి పెద్దగా కూర్చోబెట్టడం ఏ ఊళ్ళోనూ లేదు.

అందుకే కెనడా పడమటి తీరాన బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఇరవై ఏళ్ళ క్రితం జరిగినదాన్ని కాస్త వివరంగా చెప్పదలచాను. ఎన్నికల పద్ధతి మీద చీటీలతో ఎంచిన సామాన్యుల సభ కూర్చుని, దాని నిర్ణయం నేరుగా ప్రజల వోటుకు వెళ్ళిన మొదటి సందర్భమది.

1996లో అక్కడి శాసనసభ ఎన్నికల్లో లిబరల్ పార్టీకి నూటికి 41.8 వోట్లూ, న్యూ డెమొక్రాటిక్ పార్టీకి 39.5 వోట్లూ వచ్చాయి. 75 స్థానాల్లో లిబరళ్ళు గెలిచినవి 33. న్యూ డెమొక్రాట్లు గెలిచినవి 39. తక్కువ వోట్లు వచ్చినవాళ్ళు ప్రభుత్వం నడిపారు. (ఆ అన్యాయం వల్ల లాభపడింది మనకు కాస్త దగ్గరి పార్టీయే. దీన్ని దాచి వాదించడం నాకు ఇష్టం లేదు.) ఓడిన లిబరల్ నాయకుడు గోర్డన్ కాంప్‌బెల్, తాను గెలిస్తే ఈ పద్ధతిని పౌరులచేతనే పరీక్షింపజేస్తానని మాట ఇచ్చాడు. 2001లో గెలిచాడు. ఎట్లాగంటే నూటికి 57.6 వోట్లతో 79 స్థానాలకు 77! నూటికి 21 పైగా వోట్లు తెచ్చుకున్న న్యూ డెమొక్రాట్లకు రెండు స్థానాలు. 12 తెచ్చుకున్న గ్రీన్ పార్టీకి సున్న. కాంప్‌బెల్ మహాపురుషుడేం కాదు. 2002లో ఆసుపత్రి కార్మికుల సంఘ ఒప్పందాలను చట్టం చేసి చించేసిన ప్రభుత్వం అతనిదే. అయినా ఇచ్చిన మాట ప్రకారం పౌరసభను పిలిచాడు.

ఎట్లా పిలిచారు? వోటర్ల జాబితా నుంచి యాదృచ్ఛికంగా తీసిన 23,034 మందికి ఉత్తరాలు వెళ్ళాయి. 1,715 మంది జవాబిచ్చారు. 964 మంది ఎంపిక సమావేశాలకు వచ్చారు. వాళ్ళలోనుంచి ప్రతి నియోజకవర్గానికీ ఒక పురుషుణ్ణీ, ఒక స్త్రీనీ చీటీలు తీసి ఎంచారు. 79 నియోజకవర్గాలకు 158 మంది. ఆ 158లో ఆదివాసులు ఒక్కరూ లేరని చూసుకుని మరో ఇద్దరిని చేర్చారు. అధ్యక్షుడొక్కడే నియమితుడు. పదవుల్లో ఉన్న రాజకీయ నాయకులకు ప్రవేశం లేదు. 2004 జనవరి నుంచి సభ్యులు వారాంతాల్లో వాంకూవరులో కూర్చుని, లోకంలోని ఎన్నికల పద్ధతులన్నీ చదువుకున్నారు. మే, జూన్ నెలల్లో రాష్ట్రమంతటా యాభై బహిరంగ సభల్లో జనం చెప్పింది విన్నారు. 1,603 లిఖిత విజ్ఞప్తులు అందుకున్నారు. వేసవి తర్వాత మళ్ళీ కూర్చుని వాదించుకున్నారు. సమావేశమైన రోజుకు 150 డాలర్ల భత్యం ఇచ్చారు.

నెలల తరబడి సాగిన ఆ పనిలో సభ్యులు జారిపోలేదు. హాజరు చివరిదాకా దాదాపు పూర్తిగా ఉంది. మన విశ్వవిద్యాలయాల పాలకమండళ్ళ హాజరు పట్టీలు చూసినవారికి ఇది అద్భుతంగానే తోచాలి. చివరకు ఇప్పుడున్న పద్ధతి వద్దనీ, ఒక్కో నియోజకవర్గం నుంచి పలువురిని ఎన్నుకుంటూ, వోటరు అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2, 3 అని తన వరస రాసే ‘బదిలీ కాగల వోటు’ పద్ధతి కావాలనీ 146 మంది అన్నారు. కాదన్నవాళ్ళు ఏడుగురు.

2005 మే 17న ఈ సిఫారసు ప్రజల ముందుకొచ్చింది. అదే రోజు, అవే పోలింగు కేంద్రాల్లో శాసనసభ ఎన్నిక కూడా జరిగింది. ఫలితాలు పక్కపక్కన పెట్టి చదవండి. లిబరల్ పార్టీకి నూటికి 45.8 వోట్లు వచ్చాయి. 79లో 46 స్థానాలు గెలిచి ప్రభుత్వం నిలుపుకుంది. పౌరసభ సిఫారసుకు నూటికి 57.69 వోట్లు వచ్చాయి; 79 నియోజకవర్గాల్లో 77 దాన్ని సమర్థించాయి. అది ఓడిపోయింది.

ఎందుకు ఓడిపోయింది? ప్రభుత్వం ముందుగానే ఒక చట్టం చేసి పెట్టుకుంది, నూటికి 60 వోట్లు రావాలని. నలభయ్యైదు వోట్లవాడికి రాజ్యం, యాభయ్యేడున్నర వోట్లవాడికి సమాధి! ‘మౌలికమైన మార్పుకు విస్తృతమైన అంగీకారం కావాలి కదా’ అంటారు. వినడానికి పెద్దమనిషి మాటే. అయితే ఇప్పుడున్న పద్ధతికి నూటికి అరవైమంది అంగీకారం ఎవరు, ఎప్పుడు తీసుకున్నారు? పాతదానికి పరీక్షే లేదు, కొత్తదానికి మాత్రం అరవై మార్కులు. పాతది కుర్చీలో ఉండి పరీక్షకురాలైంది కనుక.

నేను ఇన్ని అంకెలు చెప్పింది అరవై గోడను తిట్టడానికి మాత్రమే కాదు. ఆ 57.69 ఎక్కడినుంచి వచ్చిందనేదే నా అసలు ప్రశ్న. బదిలీ వోటు లెక్కింపు చెప్పడం కష్టం. నేను తరగతిలో ప్రయత్నించి చెమటలు పట్టించుకున్నాను. బ్రిటిష్ కొలంబియా వోటర్లలో చాలామందికి కూడా దాని గురించి తెలిసింది తక్కువే. పెద్ద పార్టీలు రెండూ దాన్ని నెత్తిన పెట్టుకోలేదు. మరి అంత మద్దతు ఎట్లా వచ్చింది? ఫ్రెడ్ కట్లర్, రిచర్డ్ జాన్‌స్టన్ మొదలైన రాజకీయశాస్త్ర పరిశోధకులు వోటర్లను విచారించి చూశారు. పద్ధతి వివరాలు తెలియకపోయినా, దీన్ని తయారుచేసింది తమవంటి మామూలు మనుషులేననీ, నాయకులు కాదనీ తెలిసినవాళ్ళు అనుకూలంగా మొగ్గారని తేలింది. ‘మావాళ్ళు కూర్చుని ఏడాది చదివారు; వాళ్ళకు ఇందులో పదవి లేదు; వాళ్ళు బాగుందంటే బాగుండే ఉంటుంది.’ ఇదీ వాళ్ళ తర్కం.

ఈ తర్కాన్ని అజ్ఞానమంటారా? నేను అనను. రాజకీయ నాయకుడు చెప్పినదాన్ని అనుమానించడం, తనవంటివాడు చెప్పినదాన్ని నమ్మడం – దీన్ని మరో సందర్భంలో మనమే వర్గచైతన్యపు తొలి మొలక అంటాం. అది కారఖానా గేటు ముందు కనిపిస్తే మనకు కవిత్వం వస్తుంది. వోటు పెట్టె ముందు కనిపిస్తే అనుమానం వస్తుంది.

ఇక్కడ నాకు నేను పాఠం చెప్పే కన్యాశుల్కం గుర్తుకొస్తుంది. గిరీశం ఒక బండివాడికి గంటల తరబడి నేషనల్ కాంగ్రెసు మీద ఉపన్యాసం దంచుతాడు. అంతా విన్న బండివాడు తమ ఊరి హెడ్డు కానిస్టేబిలును కాంగ్రెసువారు ఎప్పుడు బదిలీ చేయిస్తారని అడుగుతాడు. ఏటేటా ఈ ఘట్టానికి తరగతి నవ్వుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ బండివాడి మీదనే నవ్వించేవాణ్ణి. ఇప్పుడు నవ్వు ఆగాక ఒక ప్రశ్న వేస్తున్నాను: ఇద్దరిలో రాజకీయం తెలిసినవాడెవడు? గిరీశానికి ఇంగ్లీషు మాటలు తెలుసు. బండివాడికి అధికారం తన మెడ మీద ఎక్కడ కూర్చుందో తెలుసు. మన సభలో నవ్వినవాళ్ళం మనల్ని గురజాడ పక్షమనుకుంటున్నాం. నాకు మాత్రం గిరీశం పక్కన కూర్చున్నట్టనిపించింది.

ఇక ‘ఆటోవాడికేం తెలుస్తుంది’ అన్న అర్థశాస్త్ర అధ్యాపకులకు జవాబు. వారూ నేనూ కిందటిసారి ఒకే పోలింగు కేంద్రంలో ఉపాధ్యాయ నియోజకవర్గం నుంచి శాసనమండలికి వోటు వేశాం. ఆ వోటు యంత్రం మీద మీట నొక్కేది కాదు. కాగితం ఇచ్చారు, ఊదారంగు పెన్ను ఇచ్చారు. పేర్ల పక్కన 1, 2, 3 అని ప్రాధాన్యాలు రాయమన్నారు. రాశాం. అంటే బ్రిటిష్ కొలంబియా పౌరసభ కోరిన రకం వోటునే మనకు, బడిపంతుళ్ళకూ పట్టభద్రులకూ, ఈ రాజ్యాంగం ఎప్పుడో ఇచ్చింది. రాజ్యసభకు సభ్యులను పంపేటప్పుడు మన శాసనసభ్యులు వేసేది బదిలీ వోటే. రాష్ట్రపతి ఎన్నికా అంతే. దామాషా సూత్రం మన దేశానికి సరిపడదనే పెద్దలు, తమలో తాము పంచుకునేటప్పుడు మాత్రం దామాషాగానే పంచుకుంటున్నారు! ఎంగిలిపడకుండా పంక్తిలో వడ్డించుకుని, వీధిలోవాళ్ళకు ‘నీకు అరగదులే’ అనడం ఇది. అరుగుదల మాటకొస్తే, పట్టభద్రుల నియోజకవర్గాల్లో లెక్కింపు జరిగినప్పుడల్లా చెల్లని వోట్లు వేలల్లో తేలుతున్నాయి. పట్టా చేతిలో ఉన్నవాళ్ళ వోట్లవి. ఆటోవాడి ఊసు తర్వాత ఎత్తుదాం.

1949 జనవరిలో రాజ్యాంగసభలో దామాషా సవరణ వచ్చినప్పుడు అంబేద్కర్ వద్దన్నారు. ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి అక్షరాస్యత. రెండేళ్ళ తర్వాతి జనాభా లెక్కల్లో దేశంలో అక్షరాస్యులు నూటికి 18మంది మాత్రమే. ఆ నాటికి అది బాధ్యతగల మాట. స్థిరమైన ప్రభుత్వం కావాలన్నది ఆయన రెండో కారణం. దానితో విభేదించవచ్చు గాని గౌరవించాలి. ఈనాడు అదే మాటను, అంబేద్కర్ భయాలేవీ లేనివాళ్ళు, తమ 282లనూ 151లనూ కాపాడుకోవడానికి వల్లిస్తుంటే నాకు గౌరవం కలగడం లేదు.

ఊతకర్ర మిత్రుడి వాదం ఇంతకన్నా బరువైనది. పౌరసభ ఆస్తి సంబంధాలను మార్చదంటాడు. మార్చదు. వోటు హక్కు కూడా మార్చలేదు. మరి ఇంగ్లాండులో చార్టిస్టులు ఆ హక్కు కోసం జైళ్ళకు ఎందుకు వెళ్ళారు? ప్రాతినిధ్యం ఏ రూపంలో ఉందనేది మార్క్సుకు చిల్లర విషయం కాదు. 1871లో పారిస్ కమ్యూన్ గురించి రాస్తూ ఆయన మెచ్చుకున్న వాటిలో, ప్రతినిధులు కార్మికుడి కూలికి పనిచేయడమూ, ఎప్పుడంటే అప్పుడు తొలగింపదగినవారై ఉండడమూ ఉన్నాయి. చీటీ ద్వారా వచ్చి, ఏడాది పనిచేసి, భత్యం తీసుకుని, మళ్ళీ పోటీ చేసే పని లేకుండా ఇంటికి పోయే సభ్యుడు నాకు ఆ కమ్యూన్ ప్రతినిధికి, ఈనాటి కోట్ల ఖర్చు శాసనసభ్యుడికన్నా, దగ్గరి చుట్టంగా కనిపిస్తాడు. అసలైన ఊతకర్ర అయితే పాలకులు దాన్ని ఎందుకు విరగ్గొడుతున్నారు? నెదర్లాండ్సులో 2006లో ఇటువంటి సభే కూర్చుంది. దాని నివేదికను ప్రభుత్వం పక్కన పడేసింది. కెనడాలో జస్టిన్ ట్రూడో 2015 ఎన్నికలే పాత పద్ధతిలో చివరివన్నాడు. నూటికి 39.5 వోట్లతో 338లో 184 స్థానాలు గెలిచాడు. 2017 ఫిబ్రవరిలో ఏకాభిప్రాయం లేదని ఆ మాట గట్టున పెట్టాడు. ఎన్నికల సంస్కరణ మీద జాతీయ పౌరసభ కావాలా అని అడిగిన అభిప్రాయ సేకరణల్లో కెనడా జనం పెద్ద మెజారిటీతో కావాలన్నారు. 2024 ఫిబ్రవరి 7న అదే ప్రశ్న పార్లమెంటు ముందుకు వచ్చింది. కావాలన్న ప్రతినిధులు 101, వద్దన్నవారు 220. ప్రజలు ఒక వైపు, ప్రజాప్రతినిధులు ఒక వైపు నిలబడ్డ చోట మన మిత్రుడు ఏ వైపు నిలబడతాడు? ఆ 220 మంది పక్కన కూర్చుని విప్లవ పరిభాషలో ‘వద్దు’ అనడం కొత్త రకం మైత్రి.

ప్రతిపక్షానికి అనుకూలమైన సాక్ష్యం నా దగ్గరే ఉంది. అది కూడా చెప్పాలి. బ్రిటిష్ కొలంబియాలో అదే పద్ధతిని 2009లో మళ్ళీ ప్రజల ముందు పెడితే నూటికి 39 మందే సరేనన్నారు. 2018లో తపాలా వోటుతో మూడోసారి అడిగితే, ఈసారి గోడ అరవై నుంచి యాభైకి దిగినా, మార్పు కోరినవారు 38.7. ఆంటేరియో రాష్ట్రంలో 103 మంది పౌరసభ 94 – 8 తేడాతో మిశ్రమ దామాషా పద్ధతిని సిఫారసు చేస్తే 2007 అక్టోబరులో జనం 63 – 37గా తిరస్కరించారు. ‘చూశారా, ప్రజలకే అక్కర్లేదు’ అంటారు.

దీనికి నా దగ్గర సిద్ధసూత్రం లేదు. నాలుగు ఓటింగులతో సూత్రం కట్టడం సాహిత్య విద్యార్థి పని కాదు. గాని ఒకటి కనిపిస్తున్నది. 2005లో సభ్యులు ఊళ్ళల్లో ఉన్నారు, పత్రికల్లో ఉన్నారు, జనం కళ్ళ ముందున్నారు. 2009 నాటికి సభ చెదిరిపోయి నాలుగేళ్ళు దాటింది. మిగిలింది పద్ధతి ఒక్కటే, దాని చిక్కు లెక్కలతో. 2018లో అసలు పౌరసభే లేదు. ప్రశ్న తయారుచేసింది ప్రభుత్వం. ఆంటేరియోలో సభ ఉంది గాని, అది ఉన్నదన్న సంగతే చాలామంది వోటర్లకు తెలియలేదు. సామాన్యుల సభ మీద నమ్మకం సభ కనిపిస్తేనే కదా కలిగేది! ఐర్లండులో 99 మంది పౌరులూ ఒక న్యాయమూర్తీ కూర్చుని గర్భస్రావ నిషేధం మీద చర్చించినప్పుడు దేశమంతా చూసింది. 2018 మే 25న నూటికి 66 మంది ఆ నిషేధాన్ని తొలగించారు. అక్కడ అరవై గోడ లేదు, సగానికి ఒకటి ఎక్కువైతే చాలు. పౌరసభకు ప్రజల మద్దతు ఉందా లేదా అని అడిగేవాళ్ళు, ఆ సభను ప్రజల కంటపడనిచ్చారా లేదా అన్నది కూడా అడగాలి.

చీటీ అంటేనే మురిసిపోయేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. పదో శతాబ్దంలో ఉత్తరమేరూరులో కుండలో తాటాకు చీటీలు వేసి గ్రామసభ్యులను ఎంచారని, ప్రజాస్వామ్యం మన పూర్వుల సొత్తని ఈ మధ్య గొప్పలు ఎక్కువయ్యాయి. పరాంతక చోళుడి శాసనమే చదవండి. కుండలో పేరు పడాలంటే పన్ను కట్టే భూమి ఉండాలి, సొంత స్థలంలో ఇల్లుండాలి, వేదవిద్య ఉండాలి. అది బ్రాహ్మణ అగ్రహారం సభ. స్త్రీల పేర్లూ, పాలేళ్ళ పేర్లూ, మాలమాదిగల పేర్లూ ఆ కుండ మొహం చూడలేదు. చీటీ నిష్పాక్షికమైనదే. కుండ కాదు.

బ్రిటిష్ కొలంబియా కుండలోనూ ఈ దోషం కొంత ఉంది. 23,034 మందిలో 1,715 మందే జవాబిచ్చారని చెప్పాను. జవాబివ్వని ఇరవై వేల పైచిలుకు మంది ఎవరు? రాత్రి పాళీకి పోయేవాళ్ళు, సెలవు దొరకనివాళ్ళు, ఇంట్లో మంచాన పడినవాళ్ళను చూసుకునేవాళ్ళు, ‘ఇది మనకు కాదులే’ అని ఉత్తరం చించేసినవాళ్ళు – వీళ్ళు అందులో ఉండరా? సభలో వయసు మీరినవాళ్ళూ చదువుకున్నవాళ్ళూ జనాభాలోకన్నా ఎక్కువగా తేలారు. ఆదివాసులు ఒక్కరూ రాకపోతే వేరుగా చేర్చవలసి వచ్చింది. చీటీ కులం చూడదు, జాతి చూడదు అని మెచ్చుకుంటారు. చూడకపోవడం వల్లనే ఆ ఖాళీ ఏర్పడింది. మన దేశంలో ఈ పని చేస్తే రిజర్వేషన్ కుండలోనే ఉండాలి. సగం మంది స్త్రీలుండాలి. దినకూలీకి వచ్చే సభ్యురాలికి ఆమె కూలి కన్నా ఎక్కువ భత్యం, బిడ్డను చూసుకునే ఏర్పాటు, ఆమె మాట్లాడే తెలుగులో పాఠం ఉండాలి. ఆ పాఠం చెప్పవలసినవాళ్ళం మనమే, అధ్యాపకులం. మన ఉద్యోగమే అది. ఒక కూలి మనిషికి దామాషా పద్ధతి వివరించలేకపోతే ఆ లోటు ఆమెది కాదు.

ఈ విమర్శ అంతా చేసి కూడా నేను సవరణను వెనక్కు తీసుకోవడం లేదు. వచ్చే సభకు తిరగరాసి పంపాను. పౌరసభకు ప్రశ్నను ప్రభుత్వం తయారుచేయరాదని అందులో ఉంది. రిజర్వేషన్లూ, భత్యమూ ఉన్నాయి. సభ కూర్చున్నన్నాళ్ళూ దాని చర్చలు ఊరూరా వినిపించాలనీ, సభ ముగిసిన ఆరు నెలలలోపే ప్రజల వోటు జరగాలనీ ఉంది. సగానికి ఒక్క వోటు ఎక్కువ వస్తే అమలు కావాలని, అరవై అంకెను పేరుపెట్టి నిషేధిస్తూ ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం భాష కాస్త ఘాటుగా ఉందని కార్యదర్శిగారు గీత గీశారు, ఉండనివ్వమన్నాను.

కాగితం అందుకుంటూ ఆయన, “సరే మాష్టారూ, ఎంతమంది సంతకాలు పెట్టారు?” అని అడిగారు.

పద్నాలుగుమందిమి. అర్థశాస్త్ర అధ్యాపకులు ఇంకా ఆలోచిస్తున్నారు.